కొల్లేరు గట్టు మీద మర్యాద

డిగ్రీ అయిన కొత్తలో నాకు మర్యాదస్తులంటే వల్లమాలిన గౌరవం ఉండేది. కొల్లేరు గట్టు మీద ఒక్క పూటలో అదంతా ఆవిరైపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెప్తే మీకూ మండుతుంది, వినండి.

అభయారణ్యంలో పక్షుల నడకలు మొదలుపెట్టిన రోజులవి. దారి చూపించి పక్షుల పేర్లు చెప్పడానికి గైడు కావాలంటే గుండుగొలను నుంచి నేను వెళ్ళాను. (నాకు కొంగల్లో తెల్లవీ, తెల్లగా లేనివీ తప్ప తెలియవు. వారం రోజులు కూర్చుని బట్టీ పట్టాను.) రేంజరుగారు పరీక్ష పెట్టారు. ఏలూరు, తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ముప్ఫై మందిని పన్నెండు కిలోమీటర్లు నడిపించి పదకొండింటికల్లా పడవల రేవుకు చేర్చాలి. ఎండ ముదిరితే పడవ తియ్యరు. చేరిస్తే ఉద్యోగం నాది. లేదంటే ఏలూరులో మా బాబాయి కొట్లో చీరలు మడతపెట్టుకుంటూ బతకాలి.

పొద్దున్నే బయల్దేరాం. ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత సన్నం ఆ గట్టు. అటూ ఇటూ నీళ్ళు, కిక్కిస గడ్డి. నా వెనకే తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రిటైర్డు లెక్కల మాస్టారు. పెద్దవారని అందరూ ఆయన్నే ముందు నిలబెట్టారు, నా ఖర్మ. పావుగంట నడిచి "అవిగోనండీ గూడబాతులు" అని వెనక్కి తిరిగితే గట్టు మీద పురుగు లేదు. పరుగున వెనక్కి వెళ్ళాను. మాస్టారు అంచుకు ఒదిగి నిలబడి వెనకాయన్ని "మీరు పదండి" అంటున్నారు. వెనకాయన, అయ్యో, మీ ముందు నడవడమా అని నొచ్చుకుంటున్నారు. ఆయన వెనక ఇరవై ఎనిమిది మందీ పెళ్ళి పందిట్లోలా చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎవరో "ఎంత సంస్కారం" అని కూడా అన్నారు. ఎలాగో కదిలించాను. కాస్త దూరం పోయాక మళ్ళీ ఆగారు. మళ్ళీ మీరంటే మీరు. పాములున్నాయని భయపెట్టాను. అయితే మగవాళ్ళే ముందుండాలి కదా అని కొత్త చర్చ మొదలైంది. పది దాటింది, రేవు ఇంకా మూడు కిలోమీటర్లు.

ఇక ఆగలేకపోయాను.

"మాస్టారూ, మీ మర్యాద నా ఉద్యోగం తినేస్తోందండీ. నడిస్తే నడవండి, లేకపోతే పక్కకి తప్పుకోండి."

(అంత కోపంలోనూ అండీ మానలేదు చూశారా. మా వైపు పుట్టుక అలాంటిది.) మాస్టారు చిన్నబుచ్చుకుని తప్పుకున్నారు. అందరూ తలలు వంచుకుని ఆయన్ని దాటారు. ఆ తర్వాత చకచకా నడిచారు. పదకొండుకు రెండు నిమిషాలుందనగా రేవులో ఉన్నాం. నాకైతే రెక్కలొచ్చినంత పనైంది.

రేంజరుగారు తలలు లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది. "ఇంకొకరు ఏరమ్మా?" అన్నారు. నేను వెనక గట్టు వైపు చూపించాను. ఆయన పడవ ఆపించి, బండి మీద గట్టు వెంట వెళ్ళి మాస్టారిని వెనక కూర్చోబెట్టుకొచ్చారు. మోకాలు బుట్టలా వాచిపోయి ఉంది. దారి పొడవునా ఆయన ఆగింది ఆ నొప్పికి! పైకి చెప్తే నడక మొత్తం ఆగిపోతుందని మర్యాద చాటున దాక్కున్నారు. ఆ ముక్క నా చెవినైనా వెయ్యకూడదూ?

రేంజరుగారు నావైపు తిరిగేలోపే మాస్టారు అన్నారు. "అమ్మాయి నన్ను వదలనని మొండికేసిందండీ. నేనే నెమ్మదిగా వస్తానని బలవంతంగా పంపించాను."

నేనన్న మాట ఇరవై తొమ్మిది మంది విన్నారు. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. ఉద్యోగం నాకే ఇచ్చారు.

అంత నొప్పిలో నన్నొక్క తిట్టు తిట్టి ఉంటే లెక్క సరిపోయేది. ఆయన అది కూడా చెయ్యలేదు. ఇన్నేళ్ళయినా ఆయన మీద నా కోపం అలాగే ఉండిపోయింది. కోప్పడే హక్కు మాత్రం ఆ రోజే పోయింది. రేవులో తల వంచుకుని నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకుంటాను.