అతుకు మీద రెండు చుక్కలు

మిర్యాలగూడ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఉషారాణికి కంప్యూటర్ అతికించిన ఏ ఫొటో మీదా నమ్మకం లేదు. పెన్‌పహాడ్‌లో అక్కవాళ్ల పొలంలో టెలిస్కోపు పెట్టి ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తుంది. ఆదివారం మధ్యాహ్నం కిటికీ తెర లాగి, ఆ ముక్కలను సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫొటోగా కలుపుతుంది. కలిపాక కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు స్క్రీన్‌కు తగిలేంతగా వంగి, ప్రతి అతుకు వెంబడీ చిటికెనవేలి గోరుతో వెతుకుతుంది. నల్లమచ్చ కనిపిస్తే లెన్సు మీద పడ్డ రైసుమిల్లు దుమ్మని అనుమానం. కనిపించకపోతే సాఫ్ట్‌వేరే తుడిచేసిందని అనుమానం.

సైన్స్ డే నాడు, పన్నెండు ముక్కలు కలిపి ఆమె పెద్దగా అచ్చు వేయించిన గొల్లకావడి నక్షత్రాల ఫొటోను బడి గోడకు కట్టారు. పిల్లలు మూగి చూస్తుండగా, ఒక అతుకు మీద ఆనుకొని ఉన్న రెండు చుక్కలు ఆమె కంటపడ్డాయి. అతకడంలో ఒకే చుక్క రెండుసార్లు పడిందనుకొని, స్టూలెక్కి తాళ్లు విప్పసాగింది.

"జర ఆగుండ్రి మేడం, జిల్లా ఆఫీసుకెళ్లి పెద్దసారు వచ్చే టైమైంది. గింత చుక్కను ఎవలు సూస్తరు?" అన్నాడు హెడ్మాస్టర్ పెంటయ్య.

"నేను సూసిన గద సార్. తప్పుడు ఫొటో పిల్లలకెట్ల సూపిస్త?"

పెద్దసారు వచ్చేసరికి గోడ బోసిగా ఉంది.

సాయంత్రం ఇంట్లో, కలపకముందటి ఫొటోలు తెరిచింది. అతుకుకు అటున్న ఫొటోలోనూ ఇటున్న ఫొటోలోనూ ఆ చుక్కలు రెండూ ఉన్నాయి. ఆకాశంలోనే అవి జంట.

మర్నాడు ప్రేయర్ అయ్యాక ఫొటోను తానే మళ్లీ కట్టి, పిల్లలవైపు తిరిగింది. "ఫొటో మంచిగనే ఉన్నది. తప్పు నాది. గిప్పుడు నా మాట గూడ నమ్మకుండ్రి, దగ్గరికొచ్చి సూడుండ్రి."