సదర్ నాటికి వెంట్రుకలు

పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నా జడ చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. ఈ వయసులో కూడా ఇంత ఒత్తుగా ఎలా ఉంది, ఏం రాస్తావని అడుగుతారు. మా నానమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ప్రశ్నకు నన్ను జవాబు చెప్పనిచ్చేది కాదు. "చిన్నప్పుడు గుండు కొట్టిచ్చిన. మా ఇంట్ల గొడ్డుకైనా పిల్లకైనా గదే మందు" అని తనే గర్వంగా చెప్పుకునేది. ఆ మందు మా ఇంట్లో ఒక్కరోజే ఒక దున్నపోతుకు, ఒక కుందేలుకు, నాకు వరసగా పడింది. నానమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు కుందేలును మాత్రం వదిలేసేది.

మాది గౌలిపురలో పాల ఇల్లు. కొనేవాళ్ళు పొద్దున్నే చెంబులు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ముందు బర్రె వీపు చూసేవారు, ఆ తర్వాతే పాలు చూసేవారు. గొడ్డు ఒళ్ళు నిగనిగలాడితే పాలు చిక్కనివని వాళ్ళ నమ్మకం. అందుకని బాపు గొడ్లకు చేసిన సేవ ఇంట్లో మనుషులకెవరికీ చేయలేదు. నా నెత్తికి నూనె పెట్టడం మరిచిపోయిన వారాలున్నాయి గాని, దున్నపోతు మెడకు నూనె మర్దన తప్పిన రోజు లేదు.

ఆ దున్న పాలివ్వదు, బండి లాగదు. దీపావళి వెళ్ళీ వెళ్ళగానే వచ్చే సదర్ కోసమే బాపు దాన్ని ఏడాదంతా మేపేవాడు. సదర్ పాలవాళ్ళ పండగ. దున్నలను నున్నగా గొరిగించి, నూనె పూసి, మెడలో గవ్వల పట్టీలు, పూలదండలు కట్టి, మర్ఫా డప్పులు మోగిస్తూ గల్లీలన్నీ తిప్పుతారు. ఎవరి దున్న ఎక్కువ మెరిస్తే వాడు ఆ ఏడాదికి మొనగాడు. బాపుకు ఆ మొనగాడి పిచ్చి ఉండేది.

నా కుందేలు పక్కింటి చాచా ఇచ్చింది. ఆయన మిద్దె మీద పావురాలు, కింద కుందేళ్ళు పెంచేవాడు. పిల్లలు ఎక్కువయ్యాయని ఒక తెల్లదాన్ని నా ఒళ్ళో పెట్టి "సంభాల్ కే రఖో బేటీ" అని జాగ్రత్తగా చూసుకోమన్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే, పలకను కూడా అన్నలు వాడుకునేవారు. వానలు వెనక్కిపోయే రోజుల్లో దాని తోలు ఎండిపోయింది. మెడ దగ్గర వెంట్రుకలు కుచ్చులుగా ఊడి, నా గౌను మీద తవుడులాంటి పొట్టు రాలేది. చెవుల వెనక చెక్కు కట్టింది. వెనక కాలితో అది గోక్కుంటుంటే ఆ చప్పుడు కొట్టమంతా వినబడేది.

ఒక పొద్దున బ్యాంకు ఉద్యోగి భార్య ఒకావిడ పాలకు వచ్చి, క్యాన్ పక్కన కూర్చున్న కుందేలును చూసింది. చెంబు వెనక్కి తీసుకుంది. "ఏందిది, పాల దగ్గర గజ్జి జంతువా? మేం తాగేది గీ పాలేనా?" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ తమ చెంబుల్లోకి చూసుకున్నారు. బాపు నవ్వాడు. ఆ నవ్వు వాళ్ళు వెళ్ళేదాకే.

తర్వాత కుందేలును చెవులు పట్టి ఎత్తి నా ముందు ఊపాడు. "సదర్ దాక చూస్త. గప్పటికి దీనికి వెంట్రుకలు రావాలె. రాకుంటే కార్వాన్ల ఉండే మీ మామకిస్త, మసాలేసి వండుకుంటడు. ఏడ్చినవంటే ఇయ్యాల్నే ఇస్త."

మామ నిజంగానే తినేవాడు. కిందటిసారి వచ్చినప్పుడు దాని నడుం ఒత్తి చూసి, ఇంకా కండ పట్టాలని చెప్పి వెళ్ళాడు. అందుకని నేను ఏడవలేదు.

వైద్యం నానమ్మ చేతికి వెళ్ళింది. ఆమెకు తెలిసింది బర్రె వైద్యం ఒక్కటే. బర్రెకు గజ్జి పడితే వేపాకు నీళ్ళతో తోమి, ఆవనూనెలో గంధకం కలిపి పట్టించేవారు. అదే కుందేలుకూ చేసింది. గుప్పెడంత జీవిని పెద్ద గంగాళంలో ముంచి, పీచుతో రుద్ది, నూనె దట్టంగా పూసి ఎండలో కట్టేసింది. తడిసిన కుందేలు ఎంత చిన్నగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. అది ఒళ్ళంతా నాక్కుంటూ ఆ నూనె మింగింది. రెండు పూటలు గడ్డి ముట్టలేదు. తోలు ఇంకా పగిలింది. "మందు పని చేస్తున్నది, గందుకే పగులుతున్నది" అంది నానమ్మ. ఆమె మందు ఎన్నడూ ఓడిపోదు, రోగి ఓడిపోతాడు, అంతే.

నేను దాన్ని గంగాళం వైపు మళ్ళీ పోనివ్వలేదు. నానమ్మకు కళ్ళు సరిగా ఆనేవి కావు, మందు పెట్టేశానని చెబితే నమ్మేది. గిన్నెలు తోమడానికి జల్లించి పెట్టిన పిడకల బూడిదలో ఒకసారి ఆ కుందేలు దానంతటదే దూకి పొర్లింది. లేచి దులుపుకుని చాలాసేపు గోక్కోకుండా పడుకుంది. దానికి కావలసింది తడి కాదు, పొడి అని నాకు అర్థమైంది. రోజూ ఒక చిప్పెడు బూడిద దొంగిలించి గోడ మూల పోసేదాన్ని. దున్న కోసం తెచ్చిన పచ్చగడ్డిలో లేతది ఏరి పెట్టేదాన్ని, దున్నకని నానబెట్టిన శనగలు కూడా. దున్న నన్ను చూస్తూ ఊరుకునేది. ఆ ఇంట్లో నా మీద చాడీలు చెప్పనిది అదొక్కటే.

ఈలోగా నాకూ దురద మొదలైంది. ముంజేతుల మీద ఎర్రటి పొక్కులు, నెత్తిలో పొట్టు. ఎవరికైనా తెలిస్తే కుందేలుకు సదర్ దాకా కూడా గడువుండదు. బళ్ళో, ఇంట్లో చేతులు గౌను కింద దాచుకుని తిరిగాను. నెత్తి గోక్కోవాలనిపిస్తే దొడ్లోకి వెళ్ళేదాన్ని.

దీపావళి దగ్గర పడేసరికి కుందేలు చెవుల వెనక చెక్కు రాలి, వేలికి తగిలీ తగలని నూగు మొలిచింది. మెడ మీద కూడా వచ్చింది. సదర్ ముందు రోజు, కొట్టంలో మంగలాయన దున్నను గొరుగుతుండగా, దాన్ని ఎత్తుకెళ్ళి బాపుకు చూపించాను. బాపు బొటనవేలితో మెడ మీద ఎదురు దువ్వాడు. బర్రెల్ని కొనేటప్పుడు కూడా అట్లాగే చూసేవాడు.

"వచ్చినయి" అన్నాడు. "గెలిచినవు బిడ్డా. మాటంటె మాట. ఉండనీ."

ఆయన నడుం చుట్టుకున్నాను. బాపు నా నెత్తి నిమిరాడు, నిజంగా ప్రేమగానే నిమిరాడు. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్ళకు తెల్లటి పొట్టు. ఒక క్షణం చూసి, పంచెకు తుడుచుకుని, మంగలాయన వైపు తిరిగాడు.

"ఇంత కష్టపడ్డది పోరి. గిట్ల అక్కడింత, ఇక్కడింత ఎందుకుండాలె? గొరిగితె ఒక్కతీరుగ ఒత్తుగ వస్తయి. కుందేలుకు, పోరికి రెండిటికి గొరుగు."

మంగలాయన కుందేలు వీపు పట్టి చూసి, "అన్నా, దీని తోలు ఉల్లిపొర లెక్కున్నది. కత్తి ఆగదు" అన్నాడు.

"దున్నను గొరిగినోనివి, గింత దానికి భయపడ్తున్నవా?"

నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకుని వద్దన్నాను. గెలిచినందుకు బహుమానం ఇస్తుంటే వద్దనే పిల్లను చూసి బాపు, నానమ్మ ఇద్దరూ నవ్వారు. నానమ్మ కుందేలు చెవులు పట్టింది, బాపు దాని కాళ్ళు పట్టాడు. నేను నెల పైన దాచిపెట్టి మొలిపించిన నూగు కత్తి మొదటి గీతకే పోయింది. కుందేళ్ళు అరవవని అంటారు. అరుస్తాయి. తెగిన చోటల్లా పసుపు అద్ది, దాని మీద ఆవనూనె పూసి, దున్న పక్కనే నిలబెట్టారు.

తర్వాత అదే కత్తి నా నెత్తి మీదికి వచ్చింది. "మెడ వంచు. దున్న కూడ గింత లొల్లి చెయ్యలె" అని నానమ్మ మోకాలితో నా వీపు నొక్కింది. అమ్మ వంటింటి గడపలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. బాపు మీద కంటే నాకు ఆమె మీదే ఎక్కువ కోపం, ఇప్పటికీ.

మర్నాడు సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే దున్నలు బయల్దేరాయి. కుందేలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చున్నాను. బాపు వచ్చి ఆ గుడ్డ లాగి పారేశాడు. "ఇంత తయారు చేసి దాస్తరా?" అని నన్ను ఎత్తి దున్న మీద కూర్చోబెట్టి, కుందేలు మెడకు బంతిపూల దండ చుట్టి నా చేతుల్లో పెట్టాడు. "మా ఇంటి మూడు గుండ్లు" అని గల్లీకి చూపించాడు. గల్లీ అంతా నవ్వింది. గోడ మీద నుంచి చూస్తున్న చాచా నవ్వలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

మర్ఫా మొదలైంది. ఆ మోత కడుపులో తగులుతుంది. కుందేలు నా వేళ్ళ కింద వణికింది.

"బాపూ, దింపు. ఇది భయపడ్తున్నది."

"అలవాటైతది. గట్టిగ పట్టుకో."

గట్టిగా పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతిలో గబగబా కొట్టుకుంటోంది. గల్లీ మలుపు దగ్గర రెండో మర్ఫా జట్టు మా జట్టుతో కలిసింది. కుందేలు నా చేతిలో ఒక్కసారి కాళ్ళు బిగించింది. ఆ తర్వాత అరచేతిలో ఏమీ కొట్టుకోలేదు. తల నా మోచేతి మీద వాలింది.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. బాపు దాన్ని చెవులు పట్టి లాక్కుని, అందరి ముందు పెంటకుప్ప మీదికి విసిరి, ఇంత పిరికిదా అని నవ్వుతాడు. అందుకే చెప్పలేదు. దండ సర్ది, తల నిలబెట్టి పట్టుకున్నాను.

మలుపు దాటాక అరుగు మీద బ్యాంకు ఉద్యోగి భార్య నిలబడి ఉంది. బాపు ఆమెను చూసి దున్నను ఆపాడు. "చూడున్రి అమ్మా, గజ్జి అన్నరు గద. ఇప్పుడెట్ల నిగనిగలాడ్తున్నది" అన్నాడు. ఆమె కళ్ళు చిట్లించి చూసి, "అవ్ నిజమే, మంచిగ చేసిన్రు" అంది. బాపు మురిసిపోయి తాడు లాగాడు. దున్న ముందుకాళ్ళు వంచి ఆమెకు సలాం కొట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇగ నీ కుందేలుతోని కొట్టియ్యి బిడ్డా" అన్నాడు బాపు.

దాని ముందుకాలు ఇంకా వెచ్చగానే ఉంది. పైకెత్తి, నుదుటికి తాకించి దించాను. గల్లీ అంతా పగలబడి నవ్వింది, ఆ అరుగు మీదావిడ కూడా నవ్వింది. బాపు మొహంలో అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఇంకోసారి కొట్టియ్యమన్నాడు. కొట్టించాను.