అమ్మ పిక్కలో గడ్డ

అమ్మకు జగిత్యాలలో గర్భసంచి తీసేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒకటే మాట పదేపదే చెప్పాడు: రోజూ నడవాలి, ఒకేచోట కూర్చోవద్దు. మేం తలూపి కోరుట్లకు వచ్చేశాం. మా ఇంట్లో డాక్టర్ మాట గడప దాటి లోపలికి రాదు.

అమ్మను చూసుకోవడానికి సిరిసిల్ల నుంచి పెద్దమ్మ వచ్చింది. "పచ్చి ఒళ్లు. మంచం దిగద్దు" అంది. అమ్మ దిగలేదు. కానీ బీడీలు చేసే చేతులు ఊరుకుంటాయా? చాట ఒళ్లో పెట్టుకుని, మంచం మీదే కాళ్లు మడుచుకుని పొద్దంతా బీడీలు చుట్టింది. మంచం దిగలేదు కదా, మా లెక్కలో అది విశ్రాంతే.

పదో రోజుకు ఎడమ పిక్క వాచి గట్టిపడింది. ముట్టుకుంటే వేడి. ఆ రోజు తెలంగాణ బంద్, బస్సుల్లేవు. "వాతం పట్టింది, రుద్దితే దిగుతది" అని పెద్దమ్మ నూనె కాచి నా చేతికిచ్చి రొట్టెల పిండి ముందు కూర్చుంది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నాలుగుసార్లు రుద్దానో లేదో, వీధిలోకి డప్పులతో ఊరేగింపు వచ్చింది. చేతులు లంగాకు తుడుచుకుని వాకిట్లోకి పరుగెత్తాను.

"తల్లి కాలు కంటే గా జెండాలు ఎక్కువైనయా?" అని పెద్దమ్మ లోపలి నుంచి తిట్టింది. వినపడనట్టు నిలబడ్డాను. ఊరేగింపు పోయాక కూడా నిలబడ్డాను. కాళ్లు రుద్దడమంటే నాకు విసుగు.

ఈలోగా కుట్లు చూడటానికి వచ్చిన ఆర్‌ఎంపీ డాక్టర్ ఆ పిక్క చూసి, "ఇప్పుడే జగిత్యాలకు తీస్కపోండ్రి" అన్నాడు. ఎట్లాగో ఆటో దొరికింది. దారిలో బంద్ కోసం రోడ్డుకు అడ్డంగా వంటావార్పు పెట్టినవాళ్లు, ఆపరేషనైన మనిషి అనగానే పొయ్యి రాళ్లు పక్కకు జరిపారు.

స్కానింగ్ చేసి, కాలి రక్తనాళంలో నెత్తురు గడ్డ కట్టిందన్నాడు జగిత్యాల డాక్టర్. "ఎవరన్న రుద్దిన్రా?"

పెద్దమ్మ నేలకేసి చూసింది. "నేనే. కొంచెమే" అన్నాను.

"ఆపినవ్, బతికింది. ఇంకింత రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతుండె. మనిషి దక్కకపోతుండె."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం గర్వంగానే ఉంది. సోమరితనానికి అంత మెప్పు మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు.

సూదులు మొదలైన రెండో రోజు, వార్డులో అమ్మ మామూలుగా చెప్పింది: "గా దినం నిన్ను పిలుద్దామనుకున్న బిడ్డా. నువ్వు రుద్దుతుంటె పానం మంచిగనిపిచ్చింది. సంబురంగ చూస్తున్నవని ఊకున్న."

పెద్దమ్మ తిట్టినా కదలలేదు గానీ, అమ్మ పిలిస్తే వెళ్లేదాన్ని. నొప్పి పోయేదాకా రుద్దేదాన్ని.