రేసుల మైదానంలో తొమ్మిది అంగుళాలు

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదంటే, రాయడం రాదు కనుక. పనిలో ఉన్నంతకాలం నాకు తెలిసిన రాత బొటనవేలి ముద్ర ఒక్కటే. ఉద్యోగం నుంచి దిగిపోయాక విద్యానగర్‌లో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం తరగతికి వెళ్లి, నా మనవరాలి వయసు పిల్ల ముందు కూర్చొని అక్షరాలు దిద్దాను. పత్రిక చదవడానికి రెండేళ్లు పట్టింది. పది వాక్యాలు వరుసగా రాయడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆటల మైదానం అంటే ఖాళీ జాగా చదును చేయడమే కదా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదని చెప్పడానికి ఒక మైదానం సంగతి రాస్తున్నాను.

1969లో దసరా వెళ్లిన వారం మా ముఠాను హైదరాబాదులో అశోక్‌నగర్ దిగువన ఉన్న మోటార్ రేసుల జాగాకు పంపారు. ముఠా అంటే పదకొండు మంది ఆడవాళ్లం, తట్టలు, పారలు, గడ్డపారలు. నేను మేస్త్రీని. అంతకు ముందు మా ఆయన మేస్త్రీ. ఆయన నడుము పడిపోయాక పని నా చేతికి వచ్చింది. అయితే రోజూ హాజరు వేసే పుస్తకంలో, మేము మస్టర్ అనేదాంట్లో, నా పేరు పక్కన ఆడ మజ్దూరు అనే ఉండేది. ఆడమనిషిని మేస్త్రీ అని రాసే పద్ధతి లేదన్నారు. పని చేయించేటప్పుడు మేస్త్రీని, పేరు రాసేటప్పుడు మజ్దూరును. మా పైన ఓవర్సీరు, ఆయన పైన అసిస్టెంట్ ఇంజనీరు. ఆ పై అధికారులు జీపులో వచ్చి జీపులోనే పోయేవారు కనుక వాళ్ల గురించి నాకు తెలియదు.

ఆ జాగాలో కొన్నేళ్లపాటు ఆదివారాలు మోటార్ సైకిళ్ల పందేలు, అప్పుడప్పుడు కార్ల పందేలు జరిగాయి. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట, చుట్టూ గట్టు, ఒక పక్క రేకుల కప్పు కింద చెక్క మెట్లు. పందెం ఉన్న రోజు చిక్కడపల్లిలో ఆరేసిన బట్టలు దుమ్ముకు ఎర్రగా అయ్యేవి. పందేలు జరిపేవాళ్లు వదులుకున్నాక జాగా సర్కారు చేతికి వచ్చింది. మధ్యన పెద్ద సభలకు, రాష్ట్రమంతటి పోటీలకు మైదానం, ఒక మూలన చుట్టుపక్కల పిల్లలకు కబడ్డీ, ఖోఖో కోర్టులు అని నక్షా గీశారు. నక్షాలో ఆ మూల మిగతా మూలల్లాగే తెల్లగా ఉండి ఉంటుంది. నేల మీద అది నల్లగా ఉంది. రేసుల రోజుల్లో మోటార్లు ఆపి రిపేరు చేసుకున్నది అక్కడే. ఏళ్ల తరబడి కాలిన ఇంజన్ ఆయిల్ అక్కడే పారబోశారు. చెంబెడు నీళ్లు పోస్తే ఇంకవు, తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడతాయి.

అందుకే ఎస్టిమేటులో ఆ మూలకు వేరే పని రాశారు. తొమ్మిది అంగుళాల లోతు పాత మట్టి తవ్వి బయట పారేయాలి. దాని మీద మొరం పోసి, తడిపి, రోలర్ లాగాలి. ఆ పైన జల్లెడ పట్టిన ఎర్రమట్టి పోసి, మళ్లీ తడిపి, మళ్లీ రోలర్ లాగాలి. ఆఖరున ఏరుడు. ముఠా మొత్తం చెప్పులు లేకుండా వరుసగా నిలబడి, అడుగులో అడుగు వేస్తూ నడుస్తూ, కాలికి తగిలిన ప్రతి రాయీ, గాజుపెంకూ తీసేస్తుంది. కబడ్డీ, ఖోఖో ఒట్టి కాళ్లతో ఆడే ఆటలు. అందుకని ఆ నేలను ఒట్టి కాళ్లతోనే పరీక్ష చేయాలి. బూట్లు వేసుకున్నవాళ్లకు అది తెలియదు.

ఓవర్సీరు ప్రసాదరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు. అశోక్‌నగర్‌లో తల్లితో కలిసి కిరాయికి ఉండేవాడు. ఆ ఏడు తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు చాలా నెలలు మూతపడ్డాయి. యాస వినగానే మనిషిని లెక్కగట్టే రోజులు. ఆయన బజారులో నోరు విప్పేవాడు కాదు, పనిలో మాత్రం విప్పక తప్పేది కాదు. మా ముఠాలో లచ్చమ్మకు ఆయనంటే వేళాకోళం.

"ఓవర్సీర్ సారూ, మీ దిక్కు మట్టి గిట్లనే నల్లగుంటదంట గద. గీ మూల జూస్తె ఇల్లు యాదికొస్తున్నదా?" అంది మొదటి రోజు.

"మా మట్టిలో మినుములు పండుతాయమ్మా. దీంట్లో నట్లు, బోల్టులు తప్ప ఏం పండవు," అన్నాడాయన. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆయన మాతో కలిసిపోయాడు.

చెత్త ఎత్తడానికే రెండు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రానికి లచ్చమ్మ అరికాళ్లు పొక్కాయి. ఇంకో ముగ్గురికి వేళ్ల సందుల్లో మంట. ఆ రోజే నారాయణగూడ బడి నుంచి ఒక డ్రిల్ టీచరమ్మ వచ్చింది. చెప్పులు విడిచి ఆ మూలన నాలుగడుగులు నడిచి, కాలు ఎత్తి చూసుకుంది. "మా పిల్లలకు ఆడుకునే జాగా లేదమ్మా. బడి వాకిట్ల బండలున్నయి. ఇది మంచిగ జేస్తరా?" అని అడిగింది. చేస్తామని చెప్పాను. మాట ఇచ్చే అధికారం నాకు లేదని తోచలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అసిస్టెంట్ ఇంజనీరు వచ్చారు. ఆయన మన హైదరాబాదు మనిషే. చెడ్డవాడని ఎప్పుడూ అనిపించలేదు. ఎనిమిది రోజుల్లో మైదానం తెరవాలని, పెద్దవాళ్లు వస్తారని పైనుంచి చెప్పేశారు. మధ్యన సభ జరిగే చోట పని ఇంకా సగం కాలేదు.

"నర్సమ్మా, జర సమజ్ చేస్కో. దినాలు లేవు. గా మూల మీద మూడంగుళాలు ఎర్రమట్టి పోసి రోలర్ గుంజుండ్రి. మంచిగ కనవడ్తది," అన్నారు.

"కనవడ్తది సార్. మొదటి వానకు నూనె పైకొస్తది," అన్నాను.

"వానాకాలం పోయింది గద."

"మళ్ల రాదా సార్?"

ఆయన ఓవర్సీరు వైపు తిరిగి ఆర్డర్ పుస్తకంలో రాయమన్నారు. పనిచోట ఒక పుస్తకం ఉండేది. ఏ పొర వేయాలన్నా ఆర్డరు దాంట్లో ఇంగ్లీషులో రాస్తారు. దాని కింద మేస్త్రీ సంతకమో ముద్రో పడాలి. కింది పొర అయిందని ముద్ర పడితేనే ఓవర్సీరు పొడి సంతకం పెడతాడు, అప్పుడే పై పొర వేస్తారు. రేపు ఏదైనా చెడిపోతే అధికారులు మొదట తిప్పేది ఆ పుస్తకమే. మస్టర్‌లో మజ్దూరునైన నేను ఆ పుస్తకంలో మాత్రం మేస్త్రీనే. తప్పు ఎవరి నెత్తిన పెట్టాలో రాసేచోట ఆడమనిషి పనికివచ్చింది.

ఓవర్సీరు రాశాడు. సిరాడబ్బీ మూత తీసి నా ముందు పెట్టాడు. తల ఎత్తి నా ముఖం చూడలేదు. ఎప్పుడూ చూసి నవ్వే మనిషి.

"ఏం రాసిన్రో చదువుండ్రి సార్," అన్నాను.

ఇంజనీరు గారికి కోపం వచ్చింది. "చదువుడెందుకు? రోజు ఏసే ముద్రనే గద!"

"రోజు ఏసేది హాజరుకు సార్. గిది నా మీదికొచ్చేది. తెలుగుల చెప్పమనుండ్రి."

ఆడవాళ్లు తట్టలు దించి దగ్గరికి వచ్చారు. ప్రసాదరావు గారు పుస్తకం వైపు చూశాడు, పై అధికారి వైపు చూశాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పినా నాకు తెలిసేది కాదు. ఆయన కల్పించలేదు. ఒక్కో మాట తెలుగులో చెప్పుకొచ్చాడు. "కోర్టుల మూలలో పాత మట్టిని తొమ్మిది అంగుళాల లోతు తవ్వి తీసివేయడమైనది. మేస్త్రీ చూసినది. పై పొర వేయవచ్చును."

"ఇంకోపాలి చెప్పుండ్రి సార్," అన్నాను. చెప్పాడు.

లచ్చమ్మ ఊరుకోలేదు. "తొమ్మిదంగుళాలు యాడ తవ్విన్రు సార్, కాగితంలనా? మాకు జెప్తె గంపలు గూడ గాడికే తెస్తుంటిమి గద," అంది. ఒకరిద్దరు పక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ముద్ర వేయనని చెప్పాను. ఇంజనీరు గారు మొదట నచ్చజెప్పారు. తర్వాత, నీ పేరు మస్టర్‌లోంచి కొట్టేస్తానన్నారు. మా ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడు, సంపాదన నాదొక్కటే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"కొట్టేయుండ్రి సార్. పుస్తకం మీది, పెన్ను మీది. ఏలు నాది," అని బొటనవేలిని పిడికిట్లో మూసుకున్నాను.

ఆయన పుస్తకాన్ని ఓవర్సీరు వైపు తోసి, నువ్వు పెట్టు సంతకం అన్నారు. ప్రసాదరావు గారు సిరాడబ్బీకి మూత పెట్టాడు. "మేస్త్రీ ముద్ర లేకుండా నేను పెట్టకూడదండి. రూలు ఒప్పుకోదండి," అన్నాడు. ఆ ఏడు, ఆ యాసతో, పై అధికారి ముఖం మీద ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంజనీరు గారు మస్టర్ తెప్పించి నా పేరు మీద గీత కొట్టారు. రేపు నల్లకుంట ముఠాను తెచ్చి కప్పిస్తానని చెప్పి జీపు ఎక్కారు.

చివరికి ఆ మూల తొమ్మిది అంగుళాలూ తవ్వారు, అది ఎలా మొదలైందో ఆఖరున చెబుతాను. పిల్లల కోర్టులు మైదానం తెరిచిన రోజుకు కాలేదు. వాటి చుట్టూ గుడ్డ కట్టి సభ జరుపుకున్నారు, ఎవరికీ ఏమీ నష్టం రాలేదు. మట్టి ఎత్తాక ప్రసాదరావు గారు టేపు పెట్టి లోతు కొలిచి, అదే పుస్తకం అదే పేజీ నా దగ్గరికి తెచ్చాడు. రాసిన మాట మార్చలేదు. అప్పుడు అబద్ధమైనది ఇప్పుడు నిజమైంది కనుక మార్చే పని లేదు. మస్టర్‌లో లేని మనిషి ముద్ర చెల్లదు కదా సార్, అన్నాను. ఆయన నవ్వు ఆపుకుంటూ వెళ్లి ఇంజనీరు గారితో చెప్పాడు. మర్నాడు నా పేరు మళ్లీ ఎక్కింది. అప్పుడు వేశాను ముద్ర. ఇంజనీరు గారు ఆ తర్వాత నాతో రెండేళ్లు సరిగా మాట్లాడలేదు, కానీ ఆయన పనిలో ఏ పొర కప్పాలన్నా ముందు నన్ను పిలిచి చూపించారు. మస్టర్‌లో నన్ను మేస్త్రీ అని రాయడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. మైదానం చెడేది పైన కాదు, కింద. కప్పిన తర్వాత ఎవరూ చూడరు, కాబట్టి ఆపాలంటే కప్పే ముందే ఆపాలి. చదువు రానివాళ్ల ముద్రకు విలువ లేదనుకుంటారు. విలువ లేకపోతే దానికోసం డబ్బీ తెరిచి అంతసేపు ఎదురుచూడరు.

పేరు కొట్టేసిన మర్నాడు పొద్దున తెల్లవారుతుండగానే దోమలగూడ నుంచి గడ్డపార భుజాన వేసుకొని నడిచాను. పేరు లేని మనిషికి ఆర్డరు ఇచ్చే హక్కు ఎవరికీ లేదని ముందు రాత్రే లెక్క వేసుకున్నాను. కబడ్డీ కోర్టుకు కొలత కోసం సున్నం గీతలు ముందే పడి ఉన్నాయి. అంచున తవ్వితే ఎవరికీ కనపడకుండా పూడ్చేస్తారు. అందుకని నడిమధ్యన మొదలుపెట్టాను. కాసేపటికి లచ్చమ్మ కాళ్లకు గుడ్డ చుట్టుకొని వచ్చి, ఏమీ అడగకుండా తట్ట పట్టింది. తర్వాత మిగతావాళ్లు వచ్చారు. నల్లకుంట ముఠా చేరేసరికి కోర్టు మధ్యన మంచం పట్టేంత గుంత అయింది.

వాళ్ల మేస్త్రీ అంచున నిలబడి చూశాడు. "ఏందక్కా, మమ్ముల మట్టి కప్పుమన్నరు. గుంతల ఎట్ల కప్పాలె?"

"కప్పుడు లేదు తమ్మీ, ఎత్తుడే. గా తట్టలు ఇటు పెట్టియ్యి," అన్నాను.

అతను గేటు వైపు చూశాడు. జీపు ఇంకా రాలేదు. కిందికి వంగి నల్లమట్టి కొంచెం తీసి వాసన చూసి, తలపాగా బిగించుకుంటూ తన మనుషులను పిలిచాడు. నేను గడ్డపార ఎత్తి రెండో వరుస మొదలుపెట్టాను.