ఎగువ వీధి నీళ్ళూ, థేలీస్ ప్రశ్నా

అది 2022 వేసవి. కొండపల్లి నుంచి మైలవరం వెళ్ళే దారిలో, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి మంచినీళ్ళ పథకం నా చేతిలో ఉండేది. నేను అసిస్టెంట్ ఇంజనీరును. ఊరి పేరు ఎందుకులెండి, వాళ్ళిప్పుడు బాగానే ఉన్నారు. భవానీపురం నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళివచ్చేదాన్ని. ఆఫీసులో నాకు 'ఫిలాసఫీ మేడమ్' అని పేరు. ఉద్యోగానికి ముందు సివిల్స్ మీద మూడుసార్లు దండయాత్ర చేసి, ఆప్షనల్‌గా ఫిలాసఫీ తీసుకుని, మూడుసార్లూ చేతులూపుకుంటూ తిరిగొచ్చానని అందరికీ తెలుసు. "ఆ చదువు పైపులకేం పనికొస్తుంది మేడమ్?" అని నవ్వేవాళ్ళు. పనికొచ్చింది. ఎలాగో కాస్త గొప్పగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఆ ఊళ్ళో ఎగువ వీధికి తొమ్మిది రోజులుగా నీళ్ళు లేవు. వాగు పక్క బావి దగ్గర పంపు ఉంది. అక్కడి నుంచి నీటిని పైకి నెట్టే గొట్టాన్ని మేము రైజింగ్ మెయిన్ అంటాం. అది ఒక గట్టెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి ఎగువ వీధి ట్యాంకుకు చేరుతుంది. దిగువ వీధిది వేరే లైను. వాళ్ళకు నీళ్ళు వస్తూనే ఉన్నాయి కాబట్టి తప్పంతా పంపు ఆపరేటరు మస్తాన్ గారి మీద పడింది. అంతకు నెల ముందే ఆయన ఎగువ వీధిలో కుళాయిలకు దొంగచాటుగా బిగించిన మోటార్లు పీకించాడు. ఆ కోపానికి వాళ్ళే ఆయనకు కక్ష అంటగట్టి, వాల్వు కట్టేస్తున్నాడని వీధంతా సంతకాలు చేసి అర్జీ పెట్టారు. ఆయనది పర్మినెంటు ఉద్యోగం కాదు. సోమవారం మధ్యాహ్నం పంచాయతీ మీటింగులో తీసేయడానికి తీర్మానం రాసి ఉంచారు. పదకొండేళ్ళు ఊరికి నీళ్ళు పోసిన మనిషి, గుక్కెడు నీళ్ళు ఆపినవాడనే పేరుతో ఇంటికి పోవాలి.

ఆ సోమవారం పొద్దున్నే పంపు దగ్గరికి వెళ్ళాను. ప్రెషర్ గేజు మామూలు కంటే ఎక్కువ చూపిస్తోంది. అంటే పంపు నెడుతోంది, నీళ్ళు ముందుకు కదలడం లేదు. వాల్వు చక్రం తిప్పి చూస్తే పూర్తిగా తెరిచే ఉంది. నేను వస్తున్నానని తెలిసి తెరిచాడేమో అనుకున్నాను. ఒప్పుకోవాలిగా, నాకూ అనుమానమే.

"మస్తాన్ గారూ, నాతో చెప్పండి, బయటికి పోనివ్వను. ఎవరు కట్టేస్తున్నారు?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మీరూ అదే అడగతన్నారా మేడమ్? సర్పంచ్ గారొచ్చి ఎవరన్నారు. సెక్రటరీ గారొచ్చి ఎవరన్నారు. లైనుకేమైందయ్యా అని ఒక్కళ్ళు అడగలేదండీ."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఎందుకంటే నా ఫిలాసఫీ పుస్తకాల్లో మొట్టమొదటి పాఠం అదే. రెండున్నర వేల ఏళ్ళకు ముందు, మిలేటస్ అనే గ్రీకు రేవు పట్టణంలో థేలీస్ అని ఒకాయన ఉండేవాడు. భూమి కంపిస్తే ఏ దేవుడికి కోపం వచ్చిందా అని జనం వెతికే రోజులు. భూమి నీళ్ళ మీద పడవలా తేలుతోందనీ, నీళ్ళు కదిలితే అదీ ఊగుతుందనీ ఆయన అన్నాడట. జవాబు తప్పే, ఇవాళ హైస్కూలు పిల్లలు కూడా నవ్వుతారు. కానీ ఆయన ప్రశ్న మార్చాడు. ఎవరు చేశారనే చోట ఏం జరిగిందని అడిగాడు. మా ఇంజనీర్లందరికీ ఆయనే మూలపురుషుడని నా అభిప్రాయం. ఇదంతా కంఠతా పట్టిన దాన్ని, బావి పక్కన నిలబడి ఎవరని అడిగాను!

"పదండి, లైను వెంట నడుద్దాం" అన్నాను.

గట్టు మీద, గొట్టం అన్నిటికంటే ఎత్తుకెళ్ళే చోట, ఎయిర్ వాల్వు ఉంటుంది. గొట్టంలో గాలి ఎప్పుడూ ఎత్తైన చోట చేరి నీటికి అడ్డం పడుతుంది. దాన్ని బయటికి వదలడానికి పైన చిన్న రంధ్రం, నీళ్ళు పోకుండా లోపల ఒక బంతి. ఆ బంతి అరిగిపోయి కొన్ని వారాలుగా నీళ్ళు చిమ్ముతోందని మస్తాన్ గారు నాకు చెప్పి ఉన్నాడు. కొత్తది రాలేదని నేను ఊరుకున్నాను. ఆ రోజు మాత్రం అక్కడ చుక్క తడి లేదు. మూత ఎత్తి చూస్తే రంధ్రంలో చెక్క బిరడా. పైన ముచ్చటగా ఎర్ర రంగు కూడా!

మస్తాన్ గారు పటకారుతో దాన్ని పీకగానే గాలి బుస్సుమంటూ తన్నుకొచ్చింది. పావుగంట ఆగలేదు. తర్వాత గొట్టంలో నీళ్ళు కదిలిన చప్పుడు ఇద్దరం విన్నాం. ఆయన బిరడాను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తెల్ల పొణికి, కొండపల్లి బొమ్మలు చేసే చెక్క. నీటికి ఉబ్బి ఇంకా బిగుసుకుపోయింది. ఆ ఊళ్ళో ఆ చెక్క చెక్కే చెయ్యి ఒక్కటే, ఎగువ వీధి వీరాచారి గారిది. మస్తాన్ గారు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇద్దరం గట్టు దిగాం.

మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్ళు పడ్డాయి. అయినా మీటింగులో గొడవే. ఎగువ వీధి కోటమ్మ గారు లేచి, "మేడమొచ్చిందని వదిలాడు. రేపు మళ్ళీ కడతాడు. గాలి నీళ్ళనాపిందంటే నమ్మటానికి మా చెవిలో పువ్వులున్నయ్యా?" అంది.

పక్క హోటల్ నుంచి సీసా, గరాటు తెప్పించాను. సీసా మూతిలో గరాటు పెట్టి, సందు లేకుండా చుట్టూ పిండి మెత్తి, అందులో నీళ్ళు పోశాను. నాలుగు చుక్కలు దిగి ఆగిపోయాయి. గరాటు కొంచెం పైకెత్తగానే బుడబుడమంటూ దిగాయి. థేలీస్ తర్వాత వందేళ్ళకు పైగా గడిచాక మరో గ్రీకు ఆయన ఇలాంటి పాత్రతోనే గాలి కూడా ఒక వస్తువేనని చెప్పాడు. ఆ సంగతి అక్కడ ఎత్తలేదు, అవసరం రాలేదు.

"ఔను, కిరసనాయిలు పోసేప్పుడు ఇట్టాగే ఆగేది" అని కోటమ్మ గారు కూర్చుంది.

సర్పంచ్ గారు ఊరుకోలేదు. "అయితే ఆ బొక్క మూసిందెవరు మస్తానూ?"

తొమ్మిది రోజులు మాటలు పడ్డ మనిషి. ఒక్క పేరు చెబితే ఊరి కోపమంతా అటు తిరుగుతుంది. ఆయన అన్నాడు: "ఎవరైతే ఏముందండీ. గాలి పోయే దారి మూసుకుపోయింది, తెరిచాం. నీళ్ళొచ్చినయ్యి."

నా ఉద్యోగంలో నేను అంత గర్వపడ్డ క్షణం మరొకటి లేదు. నేను పుస్తకంలో చదివింది ఆయన బతికి చూపించాడు. నేనూ లేచి, "అసలు ఆ వాల్వు కారుతుంటే మార్చనిది నేను. ముందు నన్ను అడగండి" అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి వీరాచారి గారు మెల్లగా లేచాడు.

"గట్టు మీద నీళ్ళు చిమ్మేదే, అదేనామ్మా?"

"అదేనండీ."

"అది మూసింది నేనేనమ్మా. ఎండాకాలం, నీళ్ళు దండగైపోతన్నయ్యని బిరడా చెక్కి కొట్టాను. మనకి మంచే చేశాననుకున్నా." ఆయన మస్తాన్ గారి వైపు తిరిగాడు. "అర్జీలో మొదటి సంతకం నాదే బాబూ."

మస్తాన్ గారు వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. సర్పంచ్ గారు తీర్మానం కాగితం చింపేశారు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఎక్కడ నీళ్ళాగినా ముందు లైను నడిచాకే మనుషులతో మాట్లాడతాను. ఆ తొమ్మిది రోజులూ ఊరు ఊరంతా ఎవరు, ఎవరు అని అడిగింది. అలా అడిగినంత కాలం, ఆ పని చేసిన మనిషికే అది తానేనని తెలియలేదు.