బ్యాంకాక్ ఉద్యోగం

గచ్చిబౌలిలో ఎయిర్‌పోర్టు బస్సెక్కి నా పక్కన కూర్చున్న కుర్రాడు రెండేళ్ల కంప్యూటర్ ఉద్యోగానికి బ్యాంకాక్ వెళుతున్నాడు. నిజాంపేట హాస్టల్లో ఉండి చాలాకాలం వెతికినా ఇక్కడ పని దొరకలేదట. సంబరంగా ఫోనులో వీసా చూపించాడు. తేదీలు చూడకుండా ఏ కాగితమూ వదలను నేను.

"రెండేళ్ల ఉద్యోగానికి రెండు నెలల టూరిస్టు వీసా ఏమిటి బాబూ?"

"గదంత కంపెనీ చూసుకుంటదమ్మా. దిగంగనే కార్ల ఎక్కించుకొని బార్డర్ కాడ ఆఫీసుకు తీస్కపోతరు."

అలా వెళ్లిన మన పిల్లలను సరిహద్దు దాటించి, మయన్మార్‌లో బంధించి, మనవాళ్లకే మోసపు ఫోన్లు చేయిస్తున్నారని పత్రికల్లో చదివాను. అదే చెప్పి, "దిగిపో నాయనా" అన్నాను.

అతను నవ్వాడు. "ఫికర్ చేయకుండ్రి. మా దోస్తు ఆడ్నే ఉన్నడు. వారం వారం ఫోన్ చేస్తడు."

"ముఖం చూపిస్తాడా?"

"ఆఫీసుల కెమెరా బంద్ అమ్మా..." అంటూ కిటికీ వైపు తిరిగాడు. ఎయిర్‌పోర్టులో నా పెట్టె దించిపెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పోలీసులమని, అరెస్టు చేస్తామని ఎవరైనా తెలుగులో బెదిరిస్తూ ఫోన్ చేస్తే నేను వెంటనే పెట్టేయను. ఆ కుర్రాడి గొంతేమోనని వింటాను. "అన్నం తిన్నావా నాయనా?" అని అడుగుతాను. చాలామంది తిడతారు. ఒక్కసారి మాత్రం అవతల చాలాసేపు మాట రాలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో మరో భాషలో అరిచారు. లైను తెగిపోయింది.