మా సరళక్క, నాలా గోడల మీది డబ్బాలు

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే సరళక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"చెప్పక్కా" అన్నాను.

అవతల అక్క కాదు. వాళ్ల తమ్ముడు.

"అక్క పోయిందన్నా" అన్నాడు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఇంకేం వినపడలేదు.

ఛాతీలో నొప్పి అందట. సుబేదారిలో ఇంటి నుంచి దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

మొన్న సాయంత్రమే కదా, ఆఫీసు మెట్ల దగ్గర "రేపు జర జల్ది రా, పనుంది" అని చెప్పి స్కూటీ స్టార్ట్ చేసింది.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. హనుమకొండ దగ్గరి మడికొండలో మేం పనిచేసే చిన్న కంపెనీలో సరళక్క హార్డ్‌వేర్ ఇంజినీర్. నా పక్క టేబుల్. మా అందరికంటే పెద్దది, అందరికీ అక్కే.

అక్క చేసే పనికి డిస్ట్రిబ్యూటెడ్ ఏఐ అని పెద్ద పేరుంది. అక్క మాత్రం "మన డబ్బాలు" అనేది.

హనుమకొండలో నాలా పక్కన, అంటే పెద్ద మురికికాలువ పక్కన, ఒక బస్తీ. గట్టి వాన పడితే నాలా పొంగి ఇళ్లల్లోకి నీళ్లొస్తాయి. అక్కడి గోడల మీద అరచేతిలో పట్టేంత సెన్సర్లు పెట్టి, నీళ్లు పెరిగితే సైరన్ మోగించాలి. ఇదీ ప్రాజెక్ట్.

కెమెరాలు పెట్టి, డేటా అంతా హైదరాబాద్‌లోని సర్వర్‌కు పంపుదామని మీటింగ్‌లో అందరూ అన్నారు. నేను కూడా తలూపాను.

అక్క ఒక్కతే ఒప్పుకోలేదు.

"వానల కరెంటు పోతది, సిగ్నల్ పోతది. అప్పుడు పెద్ద బుర్ర యాడనో ఉంటే ఏం లాభం? చిన్న బుర్రలైనా సరే, ఈడ్నే ఉండాలె."

ఆమె మాటే నెగ్గింది. బ్యాటరీతో నడిచే డబ్బాలు బిగించాం.

మొదట్లో పరువు పోయింది. బట్టలుతికిన నీళ్లు తగిలినా సైరనే. బర్రె వచ్చి గోడకు ఒళ్లు రుద్దుకున్నా సైరనే. జనం సామాన్లు ఎత్తుకుని బయటికి రావడం, ఏమీ లేదని తిట్టుకుంటూ లోపలికి పోవడం.

చివరికి అక్కడ కిరాణా కొట్టు నడిపే కొమురమ్మ, తన గోడ మీది సైరన్ వైర్ కత్తిరించేసింది. ఆమెను చూసి ఇంకొందరు.

కంప్లైంట్ ఇద్దామని నేను ఎగిరాను. అక్క నన్ను కూర్చోమంది. "ఆమె తప్పేముంది తమ్మీ? ఉత్తుత్తగ మొత్తుకునేటోళ్లను మనం మాత్రం నమ్ముతమా?"

ఆ వారమంతా అక్క బస్తీలోనే తిరిగింది. కొమురమ్మ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఆమె కోపమంతా విన్నదట. ఎదురు చెప్పలేదట.

తిరిగొచ్చి పద్ధతే మార్చేసింది. ఇకమీదట ఏ డబ్బా తనంతట తాను అరవకూడదు. తనకు నీళ్లు తగిలితే ముందు తనలోని చిన్న రేడియోతో పక్క డబ్బాలను అడగాలి, మీకూ తగిలాయా అని. అవి కూడా ఔనంటేనే సైరన్. పైన బాస్ ఎవరూ ఉండరు. ఇరుగుపొరుగు కలిసి తేల్చుకోవాలి, అంతే.

కొమురమ్మను, మిగతావాళ్లను బతిమాలి, తెగిన వైర్లన్నీ మళ్లీ అక్కే అతికించింది.

తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆకాశం విరిగిపడ్డట్టు కురిసింది. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. రోడ్లు మునిగి మేం మడికొండలోనే ఇరుక్కుపోయాం. డబ్బాలు మోగాయో లేదో తెలిసే దారి లేదు.

అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. "మోగకుంటే ఆళ్ల ఉసురు నాకే తాకుతది" అని ఒక్కసారి మాత్రం అంది.

మర్నాడు నీళ్లు తగ్గాక ఇద్దరం వెళ్లాం. మోకాలి దాకా బురద. గోడల మీద కిటికీల ఎత్తున నీటి చార. అక్క సెన్సర్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ముందు మనుషుల్ని వెతుక్కుంది.

అందరూ బడి మేడ మీద ఉన్నారు. మంచం పట్టిన ముసలాయనతో సహా, అందరూ.

కొమురమ్మ వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"ఈపారి నిజంగనే మొత్తుకుంది బిడ్డా. గోడగోడకు మొత్తుకుంది. నీళ్లు ఇంట్లకు రాకముందే పైకెక్కినం."

అక్క గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. అక్క ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కిందికి దిగాక చూస్తే ఒక డబ్బా వరదలో కొట్టుకుపోయింది. మిగతావాటిలో నమోదైంది చూస్తే, అవి దాన్ని వదిలేసి, దాని అవతలి వాటిని అడిగి, పని పూర్తి చేశాయి. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పి మురిసిపోయిందో.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయిపోయాక, వాళ్లమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. బిడ్డ ఏం పని చేసేదో సరిగ్గా చెప్పమంది. ఇంట్లో అక్క ఎన్నడూ చెప్పుకోలేదట. ఈ వరద సంగతంతా చెప్పాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది.

"మరి నా బిడ్డ లేదని ఆ డబ్బాలకు ఎరుకైతదా నాయినా?"



"ఎరుక కాదమ్మా. అవి ఒకదాన్నొకటి అడుక్కుంట నడుస్తనే ఉంటయి."

"మంచిదే" అంది. "గట్లనే నడవనియ్."

పోయిరా సరళక్కా.

ప్రతి మబ్బుకూ ఆ బస్తీ కోసం ఫికర్ పడ్డావు. ఇక ఏ ఫికరూ లేని చోట, హాయిగా కన్ను మూసుకో.